లావుగా ఉంటే ఊబకాయమేనా? అపోహలు - వాస్తవాలు

బరువు సమస్యతో వచ్చేవాళ్లకు వైద్యం చేయడం నా పని. నా దగ్గరికి వచ్చేసరికే వాళ్లు చాలా మాటలు పడి ఉంటారు.

అపోహ: కాస్త ఒళ్లు చేస్తే ఊబకాయం వచ్చినట్టే.
కాదు. కిలోల్లో ఉన్న బరువును మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేది బీఎంఐ. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 25 నుంచి అధిక బరువు, 30 నుంచి ఊబకాయం. 160 సెంటీమీటర్ల మనిషి 64 కిలోలుంటే బీఎంఐ 25. అది 30కి చేరాలంటే ఇంకో 13 కిలోలు పెరగాలి. ఆసియా వాళ్లకు షుగర్, గుండె జబ్బుల ముప్పు తక్కువ బరువులోనే మొదలవుతుంది కాబట్టి, 23 నుంచే జాగ్రత్త పడాలని 2004లో ఆ సంస్థ నిపుణుల బృందం సూచించింది.

అపోహ: బీఎంఐ బాగుంటే భయం లేదు.
బీఎంఐకి కండ ఏదో, కొవ్వు ఏదో తెలియదు. కండలు తిరిగిన క్రీడాకారుడిని అధిక బరువు అంటుంది. కాళ్లూ చేతులూ సన్నగా ఉండి పొట్ట ముందుకొచ్చిన మనిషిని వదిలేస్తుంది. నాకు ఎక్కువ టెన్షన్ ఈ రెండోవాళ్ల గురించే. కాలేయంలో, పేగుల చుట్టూ చేరే కొవ్వు చర్మం కింది కొవ్వు కంటే ప్రమాదం. అందుకే నడుము కొలవాలి. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ సరిగ్గా మధ్యలో టేపు చుట్టి, మామూలుగా ఊపిరి వదిలాక చూడండి. పొట్ట లోపలికి లాగొద్దు, టేపు బిగించొద్దు. ప్యాంటు సైజు చెబితే సరిపోదు, చాలామంది ప్యాంటు పొట్ట కిందికి జారే ఉంటుంది. కొలత మీ ఎత్తులో సగం దాటితే షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ పరీక్షలు చేయించుకోండి.

అపోహ: ఇదంతా తిండియావ, బద్ధకం.
నన్ను ఎక్కువ బాధపెట్టే మాట ఇది. కొవ్వు కణాల నుంచి లెప్టిన్ అనే హార్మోన్ మెదడుకు కబురు పంపుతుందని 1994లో తేలింది. బరువు తగ్గగానే లెప్టిన్ పడిపోతుంది, ఆకలి పెరుగుతుంది, శరీరం ఖర్చు చేసే శక్తి తగ్గుతుంది. తగ్గిన బరువు మళ్లీ రావడానికి ఇదో పెద్ద కారణం. స్టీరాయిడ్లు, కొన్ని మానసిక వ్యాధుల మందులు కూడా బరువు పెంచుతాయి (వాటిని సొంతంగా ఆపేయకండి, డాక్టర్‌తో మాట్లాడండి). ఇవేవీ తెలుసుకోకుండా "నోరు కట్టుకో" అనడం అన్యాయం.

అపోహ: పొట్ట వ్యాయామాలతో పొట్ట కరుగుతుంది.
కండరం గట్టిపడుతుంది, అంతే. కొవ్వు ముందు ఎక్కడ తగ్గాలో మన చేతిలో లేదు. ఇక చెమటతో పోయేది నీరే.

అపోహ: పాతిక కిలోలు తగ్గకపోతే లాభం లేదు.
5 నుంచి 10 శాతం తగ్గినా బీపీ, షుగర్ మెరుగుపడతాయి. 90 కిలోల మనిషికి అది నాలుగున్నర నుంచి తొమ్మిది కిలోలే. షుగర్ వచ్చే దశలో ఉన్నవాళ్లపై అమెరికాలో చేసిన పెద్ద అధ్యయనం 2002లో వెలువడింది. 7 శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల నడకలాంటి వ్యాయామం అందులో లక్ష్యాలు. ఆ దారిలో నడిచినవాళ్లలో షుగర్ వచ్చే ముప్పు 58 శాతం తగ్గింది.