టామీ జాన్ మోచేయి

1974 జులై 17. లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ బేస్‌బాల్ జట్టు సొంత మైదానంలో మాంట్రియల్ ఎక్స్‌పోస్‌తో ఆడుతోంది. బేస్‌బాల్‌లో బంతి విసిరేవాడిని పిచర్ అంటారు, మ్యాచ్ గెలుపోటములను అతడి పేరు మీద కూడా రాస్తారు. ఆ సీజన్‌లో 13 విజయాలు, 3 ఓటములతో మంచి ఊపు మీదున్న ఎడమచేతి పిచర్ టామీ జాన్ ఒక బంతి విసిరాడు. మోచేతిలో ఏదో తెగినట్టయింది. ఇంకో బంతి విసిరి చూశాడు, చేతిలో బలం లేదు. తనంతట తానే మైదానం దిగి వెళ్లిపోయాడు.

తెగింది మోచేతి లోపలి వైపు ఉండే చిన్న లిగమెంట్, అంటే ఎముకలను కలిపి పట్టి ఉంచే పట్టీ. క్రికెట్ చూసేవాళ్లకు ఇక్కడ ఒక తేడా చెప్పాలి. మన బౌలర్ బంతి వదిలేటప్పుడు మోచేయి 15 డిగ్రీలకు మించి సాగకూడదు. బేస్‌బాల్‌లో ఆ నిబంధన లేదు. పిచర్ మోచేయి బాగా మడిచి, భుజాన్ని వెనక్కి తిప్పి, కొరడా ఝళిపించినట్టు విసురుతాడు. ఆ క్షణంలో పడే బరువు ఎంతంటే, లిగమెంట్ ఒక్కటే మోయాల్సి వస్తే తట్టుకోలేదు. చుట్టూ ఉన్న కండరాలు పంచుకోబట్టే అది నిలుస్తోంది. కండరాలు అలసిపోతే భారమంతా దాని మీదే పడుతుంది.

1974కి ముందు ఇలా తెగితే పిచర్ కెరీర్ ముగిసినట్టే. చెయ్యి చచ్చిపోయిందని అనుకుని ఇంటికి వెళ్లిపోయేవాళ్లు. అదే డాడ్జర్స్‌లో శాండీ కోఫాక్స్ లాంటి మేటి పిచర్ మోచేతి బాధతో 1966లో, 30 ఏళ్లకే ఆట మానేశాడు.

జట్టు డాక్టర్ ఫ్రాంక్ జోబ్‌కు ఒక ఆలోచన వచ్చింది. పోలియో వచ్చినవాళ్లకు ఒకచోటి టెండన్ (కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాడులాంటిది) తీసి ఇంకోచోట అమర్చడం అప్పటికే ఉంది. అదే పని మోచేతికి ఎందుకు చేయకూడదు? మీ బొటనవేలు, చిటికెన వేలు కలిపి మణికట్టు కొద్దిగా వంచండి. మధ్యలో తాడులా పైకి తేలేది ఒక టెండన్. కొందరికి అది పుట్టుకతోనే ఉండదు, లేకపోయినా చెయ్యి మామూలుగానే పని చేస్తుంది. సెప్టెంబర్ 25న జోబ్ ఆ టెండన్‌ను జాన్ కుడి చేతి నుంచి తీశారు. ఎడమ మోచేతి ఎముకలకు రంధ్రాలు వేసి, ఎనిమిది అంకె ఆకారంలో దాన్ని వాటిలోంచి పోనిచ్చి బిగించారు. మళ్లీ పిచింగ్ చేసే అవకాశం నూటికి ఒక్క వంతని ఆయన ముందే చెప్పారు. ఆ మాట విని కూడా జాన్ సరేనన్నాడు.

ఆపరేషన్ తర్వాతి నెలలే అసలు పరీక్ష. నరం దెబ్బతిని వేళ్లు ముడుచుకుపోయాయి. డిసెంబర్‌లో రెండో ఆపరేషన్ జరిగింది. 1975 సీజన్ మొత్తం ఆడలేదు. 1976లో తిరిగొచ్చి 207 ఇన్నింగ్స్ వేశాడు (బేస్‌బాల్‌లో ఒక ఇన్నింగ్స్ అంటే ప్రత్యర్థి జట్టులో ముగ్గురు ఔటయ్యేదాకానే), 1977లో 20 విజయాలు సాధించాడు. ఆపరేషన్‌కు ముందు 124 విజయాలుంటే, తర్వాత 164. మొత్తం 288. 46 ఏళ్ల వయసులో, 1989లో చివరి మ్యాచ్ ఆడాడు. ఇంత చేసినా మేటి ఆటగాళ్లకు దక్కే గౌరవమైన హాల్ ఆఫ్ ఫేమ్‌కు కావాల్సిన 75 శాతం ఓట్లు రాలేదు. బేస్‌బాల్ విలేకరుల ఓటింగ్‌లో చివరి ఏడాది 2009లో అతడికి దక్కింది 31.7 శాతం. నా దృష్టిలో ఇది అన్యాయం.

ఆ ఆపరేషన్‌కు అతడి పేరే స్థిరపడింది. ఎన్నో కెరీర్లను నిలబెట్టింది కూడా. జపాన్ నుంచి వచ్చిన స్టార్ ఆటగాడు షోహే ఒహ్తానీ 2018లో ఇదే చేయించుకున్నాడు. కానీ ఒక విషయం జనం మర్చిపోయారు. జాన్ వేగం మీద బతికిన పిచర్ కాదు. బ్యాటర్ దగ్గరికొచ్చాక కిందికి దిగే సింకర్ అతడి ఆయుధం. ఇప్పటి ఆట దీనికి పూర్తిగా వ్యతిరేకం. అమెరికా అగ్రస్థాయి పోటీ అయిన మేజర్ లీగ్‌లో ఫాస్ట్‌బాల్ సగటు వేగం 2008లో గంటకు సుమారు 147 కిలోమీటర్లు, 2024కి దాదాపు 152. ప్రతి బంతినీ ఒంట్లో ఉన్న శక్తంతా పెట్టి విసరడమే శిక్షణ అయిపోయింది. మేజర్ లీగ్, దాని కింది స్థాయి మైనర్ లీగ్‌లలో కలిపి 2010లో 104 ఉన్న ఈ ఆపరేషన్లు 2024లో 281 అయ్యాయి.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది పిల్లల సంగతి. 2012లో వచ్చిన ఒక సర్వేలో సుమారు సగం మంది హైస్కూల్ ఆటగాళ్లు, గాయం లేకపోయినా ఆట మెరుగుపడటానికి ఈ ఆపరేషన్ చేయించుకోవచ్చని నమ్మారు. చెయ్యి కొత్తదైపోతుందని వాళ్ల ఊహ. నిజానికి తిరిగి రావడానికి ఏడాదికి పైగా పడుతుంది, అందరూ మునుపటి స్థాయికి రారు. 2014లో మేజర్ లీగ్, యూఎస్ఏ బేస్‌బాల్ కలిసి పిచ్ స్మార్ట్ పేరుతో వయసును బట్టి బంతుల పరిమితులు ప్రకటించాయి. 11, 12 ఏళ్ల పిల్లలకు రోజుకు 85 బంతులే. అమెరికాలో పిల్లల్ని లిటిల్ లీగ్‌ అనే పిల్లల బేస్‌బాల్‌కు పంపే మన తల్లిదండ్రులు ఈ లెక్క దగ్గర పెట్టుకోవాలి. పిల్లాడు ఒకే వారాంతంలో రెండు జట్లకు ఆడితే ఆ బంతులు కూడా కలిపి లెక్కేయాలి.

2007 నుంచి 2011 వరకు అమెరికా బీమా రికార్డులను పరిశీలిస్తే, ఈ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో 56.8 శాతం మంది 15 నుంచి 19 ఏళ్లవాళ్లే. టామీ జాన్ ఆపరేషన్ టేబుల్ ఎక్కేనాటికి అతడికి 31 ఏళ్లు. అప్పటికే మేజర్ లీగ్‌లో రెండు వేలకు పైగా ఇన్నింగ్స్ వేసి ఉన్నాడు.