సముద్రం కనిపించే గజం: విశాఖ తీరంలో ఇళ్ల ధరల వెనుక కథ

విశాఖలో సముద్రం కనిపించే ఫ్లాటుకు అంత ధర ఎందుకంటే చాలామంది ఐటీ పేరో రాజధాని పేరో చెబుతారు. అసలు కారణం అంతకంటే పాతది. తీరం పొడవునా కట్టుకోవడానికి నేల తక్కువ. దక్షిణాన యారాడ కొండ, దాన్ని ఆనుకుని ఓడరేవు, షిప్‌యార్డు, నౌకాదళం. ఉత్తరాన కైలాసగిరి, వెనక సింహాచలం కొండలు. మిగిలిన పట్టీలోనే ఊరు సర్దుకుంది.

1978లో వుడా (విశాఖపట్నం పట్టణాభివృద్ధి సంస్థ) వచ్చాక మువ్వలవానిపాలెం లాంటి లేఅవుట్లు వేశారు. ఎంవీపీ కాలనీ అంటే అదే, ఆ పొడుగు పేరు ఇప్పుడు ఎవరూ పలకరు. అప్పట్లో ఇవి ఎక్కువగా సొంత ఇళ్లు. తర్వాత యజమాని స్థలమిచ్చి, బిల్డర్ కట్టి, ఫ్లాట్లు పంచుకునే ‘డెవలప్‌మెంట్’ ఒప్పందాలతో పాత బంగళాలు అపార్ట్‌మెంట్లయ్యాయి.

బీచ్ రోడ్డు రూపాన్ని తేల్చింది మాత్రం 1991 ఫిబ్రవరి నాటి సీఆర్‌జెడ్ (తీర నియంత్రణ మండలం) నోటిఫికేషన్. హైటైడ్ లైన్ (పోటు నీరు చేరే గీత) నుంచి 500 మీటర్ల వరకు ఆంక్షలు పెట్టింది. పట్టణ ప్రాంతంలో అప్పటికే ఉన్న రోడ్డుకు సముద్రం వైపు కొత్త కట్టడం కుదరదు. గ్రామీణ తీరంలో మొదటి 200 మీటర్లలో సాధారణంగా కొత్త కట్టడాలకు వీల్లేదు. అందుకే రోడ్డుకు ఇవతల, ఊరి వైపున్న మొదటి వరుస స్థలానికి అంత గిరాకీ, దాని ముందు మరొకరు కట్టి అడ్డం రాలేరు కాబట్టి. 2019 నోటిఫికేషన్ జనసాంద్రత ఎక్కువున్న పల్లెల్లో 200 మీటర్లను 50కి తగ్గించింది. అయితే తీరప్రాంత నిర్వహణ ప్రణాళికకు కేంద్ర ఆమోదం వచ్చాకే ఆ సడలింపు వర్తిస్తుంది. బ్రోషర్లలో ఈ షరతు కనిపించదు. సర్వే నంబరును ఆ ప్రణాళిక మ్యాపు మీద పెట్టి చూపించమని అడగాలి.

ప్రకటనలు వచ్చినప్పుడల్లా బేరాలు భీమిలి వైపు జరుగుతూ పోయాయి. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట (ఆ చట్టాలను 2021లో ఉపసంహరించుకున్నారు), 2025 అక్టోబరులో గూగుల్ డేటా సెంటర్ ప్రకటన. భోగాపురం విమానాశ్రయానికైతే 2019లో ఒకసారి, 2023లో మరోసారి శంకుస్థాపన జరిగింది. రెండుసార్లూ చుట్టుపక్కల వెంచర్ల బోర్డులు లేచాయి.

చిక్కంతా కాగితాల్లోనే. ఈ చుట్టుపక్కల డి-పట్టాలు (ప్రభుత్వం పేదలకు అసైన్ చేసిన భూములు), మాజీ సైనికులకు ఇచ్చిన భూములు, సింహాచలం దేవస్థానంతో వివాదమున్న పంచగ్రామాల భూములు కలగాపులగంగా ఉన్నాయి. 1977 చట్టం ప్రకారం అసైన్డ్ భూమి అమ్మకం సాధారణంగా చెల్లదు. సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చట్టం 22ఎ సెక్షన్ కింది నిషేధిత జాబితాలో ఉంటే రిజిస్ట్రేషనే జరగదు. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) ఒక్కటే చూసి సంతోషపడకూడదు, అందులో రిజిస్టరైన లావాదేవీలే ఉంటాయి గానీ భూమి స్వభావం ఉండదు. విదేశాల్లో ఉన్న మనవాళ్లకు ఇంకో మెలిక: ఎన్నారైలు వ్యవసాయ భూమి, ఫామ్‌హౌస్ కొనడం ఫెమా (విదేశీ మారక ద్రవ్య నిర్వహణ చట్టం) నిబంధనలకు విరుద్ధం. ‘ఫామ్ ప్లాటు’ పేరుతో అమ్మినా నిబంధన మారదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు కిటికీ అద్దాలు పగలడం అందరూ చూశారు. ఉప్పు చేసే నష్టం అలా కంటికి కనపడదు. క్లోరైడు కాంక్రీటులోకి దిగి కడ్డీని తాకితే తుప్పు ఉబ్బి స్లాబు పెచ్చులూడుతుంది. తీర వాతావరణానికి కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం కనీసం ఎం30 గ్రేడు (బలాన్ని చెప్పే అంకె) కాంక్రీటు, కడ్డీ మీద 45 మిల్లీమీటర్ల కవరు, అంటే కడ్డీని కప్పే కాంక్రీటు పొర, కావాలి. అలల తుంపర పడేచోట ఎం35, 50 మిల్లీమీటర్లు. కలిపే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. తీరంలోని బోరు నీరు పరీక్షించకుండా వాడితే కట్టేరోజే తుప్పును లోపల పోసినట్టు.

అలా పెచ్చులూడుతున్న పాత బ్లాకుల్లో ఇప్పుడు ఫ్లాటు కొనేవాళ్లు హాలు సైజు కంటే ముందు అన్‌డివైడెడ్ షేర్ (స్థలంలో ఫ్లాటుకు వచ్చే విభజించని వాటా) ఎన్ని గజాలని అడుగుతున్నారు. కూల్చి మళ్లీ కట్టే రోజున ప్రధానంగా లెక్కకొచ్చేది ఆ గజాలే.