పిన్ను నొక్కే ముందు ఆ పేరు చదవండి

తిరుపతి

చిన్నోడికీ, పాపకీ తాత ఆశీస్సులు.

"యూపీఐ పిన్ను ఎవరికీ చెప్పకపోతే డబ్బెట్లా పోతుంది తాతా?" అని మొన్న పాప అడిగింది. ఫోన్లో చెబితే "సరేలే తాతా" అని పెట్టేస్తారు, అందుకే రాస్తున్నా.

చెప్పక్కర్లేదమ్మా, మన చేత మనమే నొక్కేలా చేస్తారు. పాత సైకిలు అమ్మకానికి పెడతాం. ఎవడో ఫోన్ చేసి, "డబ్బు పంపుతున్నా, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ను కొట్టండి" అంటాడు. యూపీఐలో డబ్బు రావడానికి పిన్నుతో పనే లేదు. పిన్ను అడిగిందంటే మన ఖాతాలోంచి పోతున్నట్టే.

మన ఊళ్లో అయితే దేవుడి పేరు చెప్పి దోచుకుంటారు. ఆమధ్య బస్టాండు దగ్గర, తిరుమల దేవస్థానం వాళ్ళ వసతి గృహం శ్రీనివాసం ముందర ఒక కుటుంబం సంచులు కింద పెట్టుకుని దిగాలుగా నిలబడి ఉంది. రూము బుక్ చేసిన కాగితం చేతిలోనే ఉంది, లోపల మాత్రం ఆ నంబరుతో బుకింగే లేదన్నారంట. నేనూ చూశా. స్వామివారి బొమ్మ, శంఖుచక్రాలు, గోవింద నామాలు, అన్నీ ముచ్చటగా అచ్చేశాడు మహానుభావుడు! ఆ పెద్దాయన డబ్బు కట్టిన వివరం తెరిచి చూపిస్తే, అది చేరింది ఎవరో ఒక మనిషి పేరు మీదున్న ఖాతాకి. పిన్ను కొట్టక ముందే ఆ పేరు తెర మీద కనబడుతుంది. ఎవరూ చదవరు. నన్నడిగితే సగం జాగ్రత్త ఆ ఒక్క లైను చదవడంలోనే ఉంది.

రూమైనా టికెట్టైనా బుక్ చేసే వెబ్‌సైటు పేరు కూడా చివర్నుంచి చూసుకోవాలి. దేవస్థానం సైటు పేరు 'ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్' అని ముగుస్తుంది. ముందర తిరుమల అనో బాలాజీ అనో ఎవడైనా తగిలించుకోవచ్చు. 300 రూపాయల దర్శనం టికెట్టు ఆధార్‌తో ముడిపడి ఉంటుంది కాబట్టి, ఎక్కువ డబ్బిచ్చి ఇంకొకరి టికెట్టు కొన్నా పనికిరాదు. సర్వదర్శనం టోకెన్లయితే ఉచితమే. దర్శనానికి వస్తామనే మీ హాస్టలు పిల్లలకి ఈ ముక్క చెప్పండి.

చిన్నోడా, ఇది నీకు. "నీ అకౌంటు, ఏటీఎం కార్డు, సిమ్ము కొన్నాళ్ళు మాకివ్వు, నెలకింత ముట్టజెబుతాం" అంటూ కాలేజీ పిల్లల చుట్టూ తిరిగేవాళ్ళున్నారు. కొట్టేసిన డబ్బును ఏ దొంగా సొంత ఖాతాలో వేసుకోడు. నీలాంటి వాడి ఖాతాలో వేసి, అక్కణ్ణుంచి ఇంకో నాలుగింటికి చీల్చి, చేతికి నోట్లుగా తీసుకుంటాడు. పోలీసులు వెతుక్కుంటూ వచ్చేది మాత్రం ఖాతా ఎవరి పేరు మీదుంటే వాడింటికే. "నాకేం తెలీదు సార్" అన్నా ఖాతా స్తంభించిపోతుంది, కేసులో పేరెక్కుతుంది. ఉద్యోగానికి పోయే వయసులో కోర్టు చుట్టూ తిరగాలి. అన్ని మోసాల్లోకీ నాకు దీని మీదే ఒళ్ళు మంట. ఏమీ తెలీని పిల్లోణ్ణి దొంగతనంలో భాగస్తుణ్ణి చేసేస్తుంది. స్నేహితుడు అడిగినా ఇవ్వొద్దు. మొహమాటమైతే మా తాత ఒప్పుకోడని నా మీదికి తోసెయ్.

వీడియో కాల్లో ఖాకీ బట్టలేసుకుని "డిజిటల్ అరెస్టు" అంటూ, ఫోన్లోనే అరెస్టు చేశామని బెదిరించేవాడితో మాట్లాడేదేం లేదు. అట్లాంటి అరెస్టు మన చట్టంలోనే లేదు. పెట్టెయ్యండి.

ఒకవేళ డబ్బు పోయిందే అనుకోండి, ఏడుస్తూ కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైను 1930కి ఫోన్ చెయ్యండి, బ్యాంకుకీ చెప్పండి. ఎంత పోయింది, ఎన్నింటికి పోయింది, లావాదేవీ నంబరు ఎంత, ఇవి దగ్గర పెట్టుకోవాలి. ఆ దొంగ డబ్బును నోట్లుగా తీసుకునే లోపు చెబితే దారిలో ఉన్న డబ్బును అక్కడే ఆపే వీలుంటుంది. ఇంకో లెక్క కూడా ఉంది. మనమే ఓటీపీ చెప్పి పోగొట్టుకుంటే, బ్యాంకుకి చెప్పే దాకా పోయింది మన నష్టం, చెప్పిన తర్వాత పోయింది బ్యాంకు నష్టం. 2017లో రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధన ఇది. సిగ్గుపడి మర్నాడు చెబుదాంలే అనుకుంటే ఆ రాత్రంతా పోయేది మన నష్టం కిందికే వస్తుంది.

దసరాకి వస్తారు కదా, మీ అవ్వ ఫోన్లో యూపీఐ రోజువారీ పరిమితి తగ్గించి పెట్టండి. నేను వెతికితే ఆ సెట్టింగు దొరకలా.

మీ తాత