ఉబ్బసం కాదు, టీబీ కాదు: నెల్లూరు, ప్రకాశం రాతిపనుల వెనుక జబ్బు

ఉమ్మడి నెల్లూరు జిల్లాలో గూడూరు, సైదాపురం పరిసరాల అభ్రకం గనుల చుట్టూ తెల్లరాయి గుట్టలు కనిపిస్తాయి. కాకిబంగారం కోసం తవ్వినవారికి ఆ పలుగురాయి పనికిరాని చెత్త. ఇప్పుడు దానికే గిరాకీ. తవ్వకాల మీద గొడవలు, కేసులు పత్రికల్లో వస్తూనే ఉన్నాయి. రాయి పగిలినప్పుడు లేచే పొడి గురించి, అది తెచ్చే సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు గురించి మాత్రం పెద్దగా రాయరు.

పలుగురాయి (క్వార్ట్జ్) దాదాపు మొత్తం సిలికాయే, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. కంటికి కనిపించే దుమ్ము చాలావరకు ముక్కులో, గొంతులో ఆగిపోతుంది. అసలు ప్రమాదం కంటికి ఆనని అయిదు మైక్రాన్ల లోపు రేణువులది. అవి ఊపిరితిత్తుల చివరి గాలి గదుల దాకా వెళతాయి. వాటిని మింగి అరిగించుకోవాల్సిన రక్షక కణాలు సిలికాను అరిగించుకోలేక తామే చచ్చిపోతాయి. రేణువులు మళ్లీ బయటపడి మరో కణంలోకి చేరతాయి. ఇలా తిరిగిన చోటల్లా మచ్చకట్టి, చిన్న చిన్న ముడులుగా గట్టిపడుతుంది. పని మానేసినా ఈ తంతు ఆగకపోవచ్చు. ఇదే సిలికోసిస్. నయం చేసే మందు ఇప్పటికీ లేదు.

మొదట్లో దగ్గు, ఎత్తు ఎక్కితే ఆయాసం. అందుకే చాలామంది ఉబ్బసం మందులతోనే ఏళ్లు గడిపేస్తారు. ఉబ్బసంలో గాలి గొట్టాలు బిగుసుకుంటాయి, ఇన్‌హేలర్ పీలిస్తే సడలుతాయి. ఇక్కడ గట్టిపడింది ఊపిరితిత్తే కాబట్టి ఇన్‌హేలర్ పెద్దగా సాయపడదు. ఎక్స్‌రేలో మచ్చలు ఎక్కువగా పైభాగంలో ఉంటాయి, టీబీ మచ్చల్లాగే. చిక్కేమిటంటే సిలికోసిస్ ఉన్నవారికి టీబీ సోకే అవకాశం కూడా చాలా ఎక్కువ. ఒకే మనిషికి రెండూ ఉండవచ్చు. టీబీ తగ్గిందని చెప్పాక కూడా ఆయాసం తగ్గకపోతే, కళ్లెలో క్రిమి లేకున్నా మళ్లీ టీబీ మందులే మొదలవుతాయి.

దీనికి విరుగుడు పాతదే. ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జీని 1700లో వృత్తి రోగాలపై పుస్తకం రాస్తూ, రోగిని అడగాల్సిన ప్రశ్నలకు ఒకటి కలిపాడు: నువ్వు ఏం పని చేస్తావు? మన ఓపీ చీటీల్లో పేరు, వయసు, ఊరు ఉంటాయి కానీ పని గడి సాధారణంగా ఉండదు. నా దృష్టిలో రెండు జిల్లాల్లోనూ ఈ జబ్బు మరుగున పడి ఉండటానికి మొదటి కారణం అదే.

అడిగినచోట ఏం తేలిందో మధ్యప్రదేశ్‌లోని మందసౌర్ చూపించింది. అహ్మదాబాద్ జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ పరిశోధకుడు హెచ్.ఎన్. సయ్యద్, ఆయన సహచరులు అక్కడ బలపాలు కోసే 593 మందిని పరీక్షించారు. 1985లో అచ్చయిన ఆ అధ్యయనం ప్రకారం 54.6 శాతం మంది ఎక్స్‌రేల్లో సిలికోసిస్ కనిపించింది. యంత్రపు రంపంతో రాతిని నీళ్లు పోయకుండా కోయడమే కారణం. ఇది చదివితే ఉమ్మడి ప్రకాశంలోని మార్కాపురం గుర్తుకు రాకుండా ఎలా ఉంటుంది? తెలుగు పిల్లలు తరాలుగా అక్షరాలు దిద్దిన పలకలు అక్కడివే.

ప్రకాశం జిల్లాలోని చీమకుర్తి క్వారీల సంగతి కాస్త వేరు. బంగారు చుక్కల నల్లరాయి గెలాక్సీని వ్యాపారంలో గ్రానైట్ అంటారు గానీ, భూగర్భ శాస్త్రం లెక్కలో అది గాబ్రో జాతి రాయి. అందులో పలుగురాయి చాలా తక్కువ. కాబట్టి ప్రతి రాతి దుమ్మూ ఒకే విషం అని వాదించడం సరికాదు. అలాగని నిశ్చింత కూడా లేదు. ఏ దుమ్మయినా ఏళ్ల తరబడి పీల్చినవారికి దీర్ఘకాలిక శ్వాసనాళ వ్యాధి రావచ్చు. పైగా కోత కర్మాగారాలకు వేరే చోట్ల నుంచి వచ్చే రాళ్లలో పలుగు దండిగా ఉండవచ్చు. నీళ్లు పోస్తూ కోస్తే దుమ్ము బాగా అణుగుతుంది. అయితే ఆ బురద ఎండితే మళ్లీ పొడే. ముఖానికి కట్టుకునే తువ్వాలుకు ఆ సన్నటి రేణువులు ఆగవు.

చట్టం లేక కాదు. సిలికోసిస్ రోగిని చూసిన వైద్యుడు ఫ్యాక్టరీల తనిఖీ అధికారికి రాతపూర్వకంగా తెలపాలని 1948 ఫ్యాక్టరీల చట్టం చెప్పింది. కానీ ఆ చట్టం ప్రకారం కరెంటు వాడే చోట పదిమంది కార్మికులు ఉంటేనే అది ఫ్యాక్టరీ అయ్యేది. నలుగురైదుగురితో నడిచే షెడ్డు ఆ లెక్కలోకే వచ్చేది కాదు.

అహ్మదాబాద్ సంస్థే ఇటీవల రక్తంలో సీసీ16 అనే ప్రోటీన్ తగ్గుదలను కొలిచి, జబ్బును ముందుగానే అనుమానించే పరీక్షను రూపొందించింది. సిలికా పొడికి గురైనవారిలో ఎక్స్‌రే మార్పులు బయటపడటానికి సాధారణంగా పది నుంచి ఇరవై ఏళ్లు పడుతుంది కాబట్టి దీని విలువ తక్కువది కాదు. ఆ పదేళ్లలో ఒడిశా, బిహార్ నుంచి క్వారీకి వచ్చిన మనిషి సొంత ఊరికి వెళ్లిపోయి ఉంటాడు. అక్కడి ఆసుపత్రిలో ఆయాసంతో చేరినప్పుడు అతను ఇక్కడ ఏ రాయి కోశాడో చెప్పే కాగితం ఒక్కటీ అతని చేతిలో ఉండదు. నష్టపరిహారం అడగాలంటే ముందు కావలసింది ఆ కాగితమే.