కెమెరాకు అంటుకునే సముద్రం

అలలకు దూరంగానే నిలబడి ఫొటోలు తీశాం కదా అని కెమెరాను అలాగే బ్యాగులో పెట్టేస్తాం. ఇంటికొచ్చాక చేత్తో తడిమితే జిడ్డుగా తగులుతుంది. అది జిడ్డు కాదు, ఉప్పు.

అల విరిగినప్పుడు గాలి నీళ్లలో చిక్కుకుని బుడగలవుతుంది. బుడగ పైకొచ్చి పగిలిన ప్రతిసారీ కంటికి ఆనని తుంపరలు ఎగురుతాయి. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. తుంపరలోని నీరు ఆవిరయ్యేకొద్దీ ఆ ఉప్పు చిక్కబడి, గాలివాటున ఒడ్డు దాటి చాలా లోపలికి వస్తుంది. ఒక్క చుక్క మీద పడకపోయినా కెమెరాకు ఉప్పు పట్టేది అందుకే.

అసలు చిక్కేమిటంటే, ఈ ఉప్పు ఓ పట్టాన ఆరదు. మామూలు ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే నీటిని లాక్కుని కరిగిపోతుంది. సముద్రపు ఉప్పులో కలిసి ఉండే మెగ్నీషియం క్లోరైడ్‌కైతే దాదాపు 33 శాతం చాలు. అంటే అల్మరాలో పెట్టి మరిచిపోయిన కెమెరా మీద కూడా పల్చటి ఉప్పునీటి పొర ఉండిపోవచ్చు. అందులోని క్లోరైడ్ అయాన్లు లోహాన్ని కాపాడే ఆక్సైడ్ పొరను చీల్చుకుని లోపలికి పోతాయి. రెండు వేర్వేరు లోహాలు ఆనుకుని ఉన్నచోట ఆ చెమ్మ చిన్న బ్యాటరీలా పనిచేసి, ఒకదాన్ని తినేస్తుంది.

ఇక శుభ్రం చేయడం. దయచేసి చొక్కా అంచుతో లెన్స్ తుడవకండి. ఇసుకలో ఎక్కువగా ఉండేది క్వార్ట్జ్ అనే ఖనిజం. మోస్ కొలతలో దాని గట్టిదనం 7, గాజుది 6 లోపే. రుద్దితే గీత ఖాయం. లెన్స్‌ను కిందికి వంచి, ముందు బ్లోయర్‌తో (నొక్కితే గాలి ఊదే రబ్బరు బుడ్డి) ఇసుక ఊదేయాలి.

తర్వాత చాలామంది లెన్స్ క్లీనర్ అందుకుంటారు. నా మాట వినండి, ముందు మంచినీళ్లే వాడండి. క్లీనర్లలో సాధారణంగా ఉండే ఆల్కహాల్ వేలిముద్రలను తీస్తుంది గానీ ఉప్పును దాదాపు కరిగించదు. లీటరు నీరు 350 గ్రాముల ఉప్పును కరిగించుకుంటుంది! మెత్తటి గుడ్డను మంచినీళ్లలో తడిపి, గట్టిగా పిండి, కెమెరా బాడీని, లెన్స్ గొట్టాన్ని, బటన్ల సందులను తుడవాలి. గుడ్డను కడిగి మళ్లీ తుడవాలి. లెన్స్ ముందున్న అద్దానికి వేరే శుభ్రమైన గుడ్డ వాడాలి. ఆ తర్వాత పొడి గుడ్డ, చివర్లో కావాలంటే క్లీనర్.

బయల్దేరే ముందే లెన్స్ ముందు ఫిల్టర్ (గాజు బిళ్ల) బిగించుకుంటే తుడుపులన్నీ దాని మీదే పడతాయి. ఒడ్డున లెన్స్ మార్చకపోవడమే మేలు. ఏసీ గదిలోంచి తెచ్చిన కెమెరాను బయటి వేడికి అలవాటు పడేదాకా బ్యాగులోంచి తీయకండి, లేకపోతే అద్దం మీద చెమ్మ పట్టేస్తుంది.

ట్రైపాడ్‌ను ఎవరూ పట్టించుకోరు. నా మొదటి ట్రైపాడ్ కాళ్లు బిగుసుకుపోయింది కడగకుండా అలాగే మడిచి పెట్టేసినందుకే. కాళ్లు పూర్తిగా బయటికి లాగి, మంచినీళ్లతో కడిగి, తెరిచే ఉంచి ఆరనివ్వాలి.

కెమెరా సముద్రంలో పడితే మాత్రం పనిచేస్తుందో లేదో చూద్దామని స్విచ్ నొక్కకండి. వెంటనే బ్యాటరీ తీసేయండి. ఉప్పునీటిలో విద్యుత్తు ప్రవహిస్తే, నెలల్లో పట్టాల్సిన తుప్పు నిమిషాల్లో పడుతుంది.