ఖైదీ మీద ఖైదీ కాపలా

శ్రీకాకుళం తీరంలో పడవ మీది పెద్దను తండేలు అంటారు. దానికి తోబుట్టువే ‘టిండాల్’. పందొమ్మిదో శతాబ్దంలో ఈ మాట ఓడ దిగి సింగపూర్ జైల్లో చేరింది. అక్కడ టిండాల్ అంటే తోటి ఖైదీల చేత పని చేయించే ఖైదీ.

1825 ఏప్రిల్ 18న సుమత్రా దీవిలోని బెంకూలెన్ నుంచి 80 మంది మద్రాసు ఖైదీలు సింగపూర్‌లో దిగారు. వారం తిరిగేసరికి మరో 122 మంది బెంగాల్ వాళ్లు వచ్చారు. మన కోస్తా, రాయలసీమ కూడా అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోనివే. వీళ్లకు మొదట్లో బయటి మనుషుల్ని జీతానికి కాపలా పెట్టారు. ఆ జీతాలు దండగనిపించాయి, పైగా ఆ మనుషుల మీద నమ్మకమూ కుదరలేదు. చివరికి ఒద్దికగా ఉన్న ఖైదీలకే కాపలా అప్పగించారు. సంస్కరణ అన్న పెద్ద మాట తర్వాత వచ్చి చేరిందనే నా అనుమానం.

ఖైదీలను ఆరు తరగతులు చేశారు. కొత్తగా వచ్చినవాడి కాళ్లకు సంకెళ్లుండేవి. కొన్నేళ్లు బుద్ధిగా మసలుకుంటే అవి ఊడేవి. ఇంకా మెప్పు పొందినవాడు రెండో తరగతికి ఎక్కి ప్యూనో టిండాలో అయ్యేవాడు. మొదటి తరగతి వాడు ఊళ్లో సొంతంగా బతకవచ్చు.

ఈ ఏర్పాటుతోనే సింగపూర్‌లో సెయింట్ ఆండ్రూస్ చర్చి లేచింది. దాని గోడలకు పూసింది మద్రాసు సున్నం. గుల్లసున్నంలో ఇసుక కలపకుండా, కోడిగుడ్డు తెల్లసొన, ముతక చక్కెర వేసి గిలకొట్టి, కొబ్బరిపీచు నానిన నీళ్లతో మెదిపారు. పూత ఆరాక స్ఫటిక రాళ్లతో రుద్ది నునుపు తేల్చారు.

1873లో సింగపూర్ శిక్షా కేంద్రం మూతపడింది. మిగిలినవాళ్లలో శిక్ష తీరనివాళ్లను అండమాన్‌కు పంపారు. అక్కడా టిండాళ్లు, జమేదార్లు ఉన్నారు గానీ పెత్తనం మొరటెక్కింది. 1906లో పూర్తయిన సెల్యులార్ జైల్లో 698 గదులు. గానుగకు కట్టిన ఖైదీ రోజుకు 30 పౌన్ల కొబ్బరినూనె తీయాలి. తగ్గితే ముందుగా మీద పడేది తెల్లదొర కాదు, సాటి ఖైదీయే.

1894 జైళ్ల చట్టంలోని 23వ సెక్షన్ ఇలా అధికారిగా నియమితుడైన ఖైదీని ప్రభుత్వ సేవకుడిగా లెక్కించింది. పాతికేళ్ల తర్వాత, 1919-20 జైళ్ల కమిటీ ఈ పద్ధతిని తప్పుపట్టి జీతగాళ్లనే కాపలా పెట్టమంది. అయినా పద్ధతి పూర్తిగా పోలేదు.

ఎవరికి పెత్తనం ఇవ్వాలన్నదీ రాసిపెట్టుకున్నారు. రాత్రి కాపలాకు ఎంపికయ్యే ఖైదీ, ‘తప్పించుకుపోయే సహజ గుణం’ ఉన్న సంచార తెగల వంటి వర్గానికి చెందకూడదని బెంగాల్ జైలు నియమం ఒకటి చెప్పింది. సముద్రం దాటించి తెచ్చినవాళ్లకు నప్పిన పని, ఊరూరా తిరిగేవాళ్లకు నప్పదట! 2024 అక్టోబరు 3న జైళ్లలో కులవివక్షపై తీర్పు ఇస్తూ సుప్రీంకోర్టు ఈ నియమాన్నీ తప్పుపట్టింది.