పొయ్యి వెలిగించని పియాజ్

టర్కీలో కోఫ్తా పక్కన వడ్డించే తెల్ల చిక్కుడు గింజల సలాడ్ పేరు పియాజ్. పారసీకంలో ఆ మాటకు ఉల్లిపాయ అని అర్థం. హైదరాబాదులో ప్యాజ్ అనేదీ అదే. పేరు ఉల్లిది, కడుపు నింపేది గింజలు. మధ్యధరా వంటకం అంటాం గానీ ఇందులోని చిక్కుడు గింజలూ టమాటాలూ 1492 తర్వాత అమెరికా ఖండాల నుంచి వచ్చినవే.

ఇద్దరికి 400 గ్రాముల డబ్బా గింజలు ఒకటి చాలు. నీరు వంచేస్తే 240 గ్రాములు మిగులుతాయి. ఒక ఉల్లిపాయ, రెండు గట్టి టమాటాలు, గుప్పెడు కొత్తిమీరలాంటి పార్స్‌లీ, రెండు పెద్ద చెంచాల నిమ్మరసం, మూడు పెద్ద చెంచాల ఆలివ్ నూనె, అర టీస్పూను ఉప్పు కావాలి. తెల్ల గింజలు దొరక్కపోతే డబ్బా రాజ్మా అయినా, కాబూలీ శనగలైనా సరే.

డబ్బావే ఎందుకంటే అవి ముందే ఉడికినవి. ఎండు రాజ్మాను రాత్రంతా నానబెట్టి పచ్చిగా కలిపితే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. వాటిలోని లెక్టిన్ అనే ప్రోటీన్ నానితే పోదు, బాగా మరిగితేనే విరుగుతుంది. ఎండు గింజలు వాడాలనుకుంటే నానబెట్టి, ఆ నీరు పారబోసి, మెత్తబడేదాకా ఉడికించాల్సిందే.

డబ్బా నీరు ఉప్పగా, జిగటగా ఉంటుంది. జల్లెడలో పోసి కుళాయి కింద కడిగితే ఉప్పు మూడో వంతుకు పైగా తగ్గుతుంది. తర్వాత తడి ఆరనివ్వాలి, లేకపోతే నిమ్మరసం పలచబడుతుంది.

ఉల్లిపాయను కోసినప్పుడు కణాలు చితికి, ఎంజైము గంధకపు పదార్థాలను ఘాటుగా మారుస్తుంది. సన్నగా తరిగి చల్లటి నీటిలో పది నిమిషాలు ఉంచి పిండేస్తే ఆ ఘాటు చాలావరకు నీటిలోకి పోతుంది. టర్కీలో ఉప్పూ, పుల్లని సుమాక్ పొడీ వేసి చేత్తో నలుపుతారు. సుమాక్ ఉంటే ఒక టీస్పూను వేయండి.

అసలు చిక్కు టమాటాతోనే. దానిలో నూటికి 94 పాళ్లు నీరే. ఉప్పు తగిలితే ఆ నీరు బయటికొచ్చి, గంటలో గిన్నె అడుగున మడుగు కడుతుంది. అందుకే ముక్కలకు ముందే సగం ఉప్పు పట్టించి పావుగంట జల్లెడలో ఉంచాలి, కింద గిన్నె పెట్టి. మాగాయలో ఊట దిగేదీ ఇలాగే. ఆ ఊటను మాగాయలో పారబోయం కదా, ఇక్కడా పారబోయకూడదు: టమాటా విత్తనాల చుట్టూ ఉండే జిగురులో రుచినిచ్చే గ్లూటమేట్ ఎక్కువ. రెండు చెంచాల ఊట నిమ్మరసంలో కలపండి.

మిగిలిన ఉప్పును ఈ పులుపులోనే కరిగించాలి; నూనెలో ఉప్పు కరగదు. అది గింజల మీద పోసి పావుగంట ఆగాలి. పులుపుకి గింజలు మెత్తబడిపోతాయన్న భయం అక్కర్లేదు. చింతపండు ముందే వేస్తే పప్పు ఎందుకు ఉడకదో ఇక్కడా అదే కారణం: పులుపులో కణాల గోడలు గట్టిగానే ఉంటాయి. తర్వాత ఉల్లిపాయ, టమాటా, ఆఖరున నూనె.

పార్స్‌లీ వడ్డించే ముందే వేయాలి. ఆమ్లం పత్రహరితంలోని మెగ్నీషియాన్ని లాగేస్తే పచ్చదనం పోయి ఆకు గోధుమరంగుకు తిరుగుతుంది. ఆకు కలపని సలాడ్ ఫ్రిజ్‌లో మూడు రోజులు ఉంటుంది. బయట రెండు గంటలు దాటనివ్వకండి.